నాలిక కింద చూసే ఉద్యోగం

“చూశావా?”

“సూసినాను.”

“రోజూ చూశావా?”

“రోజూ సూసినాను. ఆదివారాలు గూడా సూసినాను. కార్డు మీద గీతలు కనపడ్డం నేదేటి?”

“గీతలు కనపడుతున్నాయి పైడమ్మా. నేను గీతల గురించి అడగలేదు. నోరు చూశావా అని అడిగాను.”

“మింగినాడండీ. నా ఎదటే గళాసుడు నీల్లు తాగినాడు.”

“నీళ్ళు ఎవరైనా తాగుతారు. బుగ్గలో చూశావా? నాలిక కింద చూశావా?”

“ఆయన నా వియ్యంకుడండీ! నా కూతురి మావగారు! నాలిక ఎత్తండీ అని ఆయన్నెలగడగతాను? మీ దేశంలో వియ్యాలోరికి సిగ్గూ మరేదా ఉండవేటి?”

“మా దేశంలో వియ్యంకులకి కూడా క్షయ వస్తుంది.”

క్లినిక్‌లో బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. డాక్టరమ్మ బర్మా భాషలోనే అడుగుతోంది. నేనూ బర్మాలోనే మొదలుపెట్టాను గానీ కోపం వచ్చాక నా నోట తెలుగే వచ్చింది. ఆవిడకి అర్థమైపోయింది. ఇన్నేళ్ళు నా పక్కన ఉండి ఆ మాత్రం నేర్చుకుంది.

ఆవిడ ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి మా వియ్యంకుడు సింహాచలంగారి కళ్ళె పరీక్ష. రెండు నెలలు మందు మింగిన మనిషి కళ్ళెలో పురుగు కనపడకూడదు. మొదటి రోజు ఎంత ఉందో అంతే ఉంది. రెండోది నా మనవరాలు చిట్టిది, ఆరేళ్ళ పిల్లది, ఛాతీ ఎక్స్‌రే. అందులో నీడ ఉంది. తాతా మనవరాలూ ఒకే గదిలో పడుకుంటారు.

“ఉచ్చ రంగు అడిగావా?” అంది ఆవిడ.

మందు ఒంట్లోకి వెళ్తే ఉచ్చ రంగు మారుతుంది. నేను అదీ అడగలేదు.

“రేపు పొద్దున్న నువ్వు ఆయన నోరు చూడాలి. చూడలేనంటే టార్చిలైటు ఇక్కడ పెట్టేసి వెళ్ళు. మా న్వే వెళ్తుంది ఆ ఇంటికి. మిగతా ఇళ్ళకి కూడా మా న్వేనే వెళ్తుంది.”

మా న్వే అంటే నాతోపాటు ఈ పని చేసే పిల్ల పేరు. ఆ టార్చి నేను పన్నెండేళ్ళు వాడాను. బ్యాటరీ నీరసిస్తే ఎండలో పెట్టి ఇంకో వారం లాగేదాన్ని. అది బల్ల మీద పెట్టలేదు. సంచిలో వేసుకుని బయటికి వచ్చేశాను.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు నేను పని మానేశాను. మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో మన పిల్లలు ఇద్దరు ఇదే పనిలో కొత్తగా చేరారు. వాళ్ళలో ఒకతె, “మామ్మా, ఏటేటి నేర్చుకోవాల?” అని అడిగింది. నేను తెలుగు బడిలో మూడో తరగతి వరకే చదివాను. వచ్చిన తెలుగులో రాస్తున్నాను. చదివి చేరండి, లేకపోతే చదివి మానేయండి.

పని ఏమిటంటే

పొద్దున్న ఆరింటికి క్లినిక్‌లో మందుల డబ్బా తీసుకోవాలి. తొమ్మిది పది ఇళ్ళుంటాయి. ప్రతి ఇంట్లో రోగి ఎదురుగా కూర్చుని, బిళ్ళలు వాళ్ళ చేతిలో పెట్టి, మింగేదాకా చూడాలి. మింగాక నోరు తెరవమనాలి. టార్చి వేసి బుగ్గలు, పై పెదవి లోపల, నాలిక కింద చూడాలి. ఆ తర్వాత ఇంకో పావుగంట అక్కడే కూర్చుని ఏదో ఒకటి మాట్లాడాలి. అది కబుర్ల కోసం కాదు, పెరట్లోకి వెళ్ళి వేలు పెట్టి కక్కుకోకుండా. అప్పుడు కార్డు మీద గీత. ఆరు నెలలు రోజూ ఇంతే. మీకు శిక్షణలో దీన్ని తోడుండడం, ధైర్యం చెప్పడం అంటారు. అనుమానించడం అని ఎవరూ అనరు. పని అదే.

మందు రెండో వారానికి దగ్గు తగ్గుతుంది. నెలకి ఆకలేస్తుంది. ఇంక నాకు బాగానే ఉంది అనుకుంటారు. అక్కడి నుంచి దొంగతనం మొదలవుతుంది. టీకొట్టులో పనిచేసే ఒకడు తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతూ బిళ్ళలు తువ్వాల్లోకి తీసేసేవాడు. పదిహేను రోజులకి గానీ పట్టుకోలేకపోయాను. దగ్గు తగ్గినవాడు బిళ్ళ మింగగానే ఎందుకు దగ్గుతున్నాడని అడగాలన్న బుద్ధి నాకు రాలేదు.

అన్నిటికంటే పెద్ద గొడవ కున్యాతో. ఈ ఊళ్ళో కున్యా నమలని నోరు ఎన్ని ఇళ్ళలో ఉంటుంది? ఆకు, వక్క, సున్నం. పొద్దున్న లేచింది మొదలు బుగ్గలో ముద్ద ఉండాల్సిందే. మన బిళ్ళలదేమో ఇటుక రంగు. కున్యా నమిలిన నోట్లో ఇటుక రంగు బిళ్ళ పెడితే ఎంత మంచి టార్చి వేసినా కనపడదు. అందుకని ముందు ఉమ్మించి, పుక్కిలించమని, ఆ తర్వాతే బిళ్ళ చేతికివ్వాలి. ఈ నియమం పెట్టింది డాక్టరమ్మ కాదు. నేనే. కున్యా నేనూ నములుతాను కాబట్టి నాకు తెలిసింది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది కూడా నేనే. ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

సయామా

ఆవిడ పేరు డాక్టర్ గెర్లీన్. డాక్టరమ్మనీ పంతులమ్మనీ ఇక్కడ సయామా అనే అంటారు కాబట్టి మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆవిడది హైతీ అనే దేశం. సముద్రం మధ్య ఉంటుందట. అక్కడ కొండ మీద పల్లెలో పుట్టింది. ఆ చుట్టుపక్కల డాక్టరు చదివిన మొదటి ఆడమనిషి ఆవిడే.

ఇక్కడి డెల్టా పల్లెల మీద పెద్ద తుఫాను వచ్చి వెళ్ళాక ఆవిడ మా వీధిలో కింది వాటా తీసుకుని బోర్డు పెట్టింది. నేను చూసిన దొరసానులందరూ తెల్లవాళ్ళు. ఈవిడ నాకంటే నలుపు. ఊళ్ళో కొందరు మమ్మల్ని ఏ మాటతో ఎత్తిపొడుస్తారో ఆవిడనీ అదే మాటతో అన్నారు. మన మనిషే అనుకోవాల్సింది పోయి నేను ఇంకా ఎక్కువ అనుమానపడ్డాను. మన రంగు మనిషిని డాక్టరుగా అంత దూరం నుంచి ఎవరు పంపిస్తారు? ఊరికే మందులు ఎందుకిస్తారు? మా మీద పెట్టి చూడ్డానికే అనుకున్నాను.

అప్పుడే మా పక్కవాటా తలుపులమ్మకి ఆ మందు మొదలుపెట్టారు. వారం తిరక్కుండా ఆవిడకి ఉచ్చ ఎర్రగా వచ్చింది. నేను కళ్ళారా చూశాను. ఇంకేం కావాలి? వెళ్ళిన ప్రతి ఇంట్లో చెప్పాను. “ఆ నల్ల డాక్టరు మందు మింగితే ఒంట్లో నెత్తురు ఉచ్చలో పోతాది. మెల్లగా పీల్చేస్తాది.” అవి నా కూతురు లక్ష్మికి సంబంధం మాట్లాడుతున్న రోజులు. సింహాచలంగారింట్లో తాంబూలాలు పుచ్చుకున్న నాడు కూడా పదిమందిలో కూర్చుని ఇదే చెప్పాను. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. నాకు గొప్పగా అనిపించింది.

గుట్టు పట్టుకుందామని మూడు రోజులు క్లినిక్ గుమ్మంలో నిలబడ్డాను. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూశాను. మూడో రోజు ఆవిడ బయటికి వచ్చింది.

“మూడు రోజులుగా రెప్ప వెయ్యకుండా నన్ను చూస్తున్నావు. ఏం కనిపెట్టావు?”

“ఇంకా ఏటీ కనిపెట్టనేదు” అన్నాను.

“ఇలా చూసే మనిషే నాకు కావాలి. ఉద్యోగం చేస్తావా?”

ఆ మందు మీరు ముందు మింగి చూపించండి, అప్పుడు ఆలోచిస్తానన్నాను. ఆవిడ మింగలేదు. “ఒక రోగి బిళ్ళ వృథా అవుతుంది” అంది. వృథా అన్న మాట విన్నాక ఆవిడ మీద మొదటిసారి కొంచెం గురి కుదిరింది. అప్పుడు తన కథ చెప్పింది. డాక్టరు చదువుతుండగా ఆవిడకే క్షయ పట్టింది. ఊరికి తెచ్చి పడేశారు. అక్కడ ఆదెల్ అని ఒకావిడ, సంతలో బొగ్గులు అమ్ముకునే మనిషి, అక్షరం ముక్క రాదు, రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని బిళ్ళలు మింగించి నోరు తెరిపించి చూసేదట. బతికి డాక్టరయ్యాక ఆవిడ ఊళ్ళోని బొగ్గులమ్మేవాళ్ళనీ అరటిపళ్ళమ్మేవాళ్ళనీ ఇరవై మందిని పోగుచేసి ఇదే పని పెట్టించింది. పట్నం డాక్టర్లు నవ్వారట. చదువులేని ఆడవాళ్ళ చేతికి మందు డబ్బా ఇస్తావా అన్నారట. వాళ్ళ రోగులు సగంలో పారిపోతుంటే ఈవిడ రోగులు నయమయ్యారు.

“చదువుకున్నవాళ్ళు రోగి చెప్పింది రాసుకుంటారు. నీలాంటివాళ్ళు నమ్మకుండా చూస్తారు” అంది నాతో. అది పొగడ్తో ఎత్తిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ కథ నేను వెంటనే నమ్మానని అనుకోకండి. ఆరు నెలలయ్యాక మళ్ళీ అడిగాను. ఏడాదికి ఇంకోసారి అడిగాను. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట మారుతుంది కదా. ఒకసారి నిజంగానే మారింది. ఆదెల్ అరటిపళ్ళు అమ్మేదంది. పట్టుకున్నాను. “ముందు బొగ్గులన్నారు గదండీ!”

ఆవిడ పగలబడి నవ్వింది. “వానాకాలం బొగ్గులు తడుస్తాయి పైడమ్మా. అప్పుడు అరటిపళ్ళు.”

ఆవిడలో లోపాలు లేవా? ఉన్నాయి. మనుషులు లేని గదిలో ఫ్యాను తిరుగుతూ ఉండేది, నేను వెళ్ళి కట్టేసేదాన్ని. టీ పోయించుకుని మర్చిపోయేది. కోపం వస్తే ఎదుటి మనిషి పెద్దా చిన్నా చూడదు. విదేశాల నుంచి తనిఖీకి వచ్చే పెద్దమనుషులు తెల్లచొక్కాలతో కూర్చుని కార్డులు తిరగేసి గీతలన్నీ ఉన్నాయని సంతోషపడేవారు. ఆవిడ వాళ్ళ ముందే, “గీతలు చేత్తో పెడతారు, కళ్ళతో కాదు” అనేది. వాళ్ళకి నచ్చేది కాదు. నాకు నచ్చేది. ఆ మాట ఒకనాడు నా మీదకే వస్తుందని అప్పుడు అనుకోలేదు.

దలాలో కుండ

నేను తప్పుగా అనుమానించిన మనిషి గురించి కూడా రాయాలి. డో సాన్ అని చేపలమ్మే ఆవిడ. మా పేటలో ఉంటూ మందు మొదలుపెట్టి, నెల తిరగ్గానే దలాలో చెల్లెలింటికి మారిపోయింది. నేను రోజూ ఫెర్రీ ఎక్కి నది దాటి వెళ్ళేదాన్ని. ఆవిడ ఒకరోజు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు. ఉన్నరోజు కూడా వాంతి వస్తుందనేది. ఒకనాడు ఆవిడ చేపల గంప అడుగున ఆకులో చుట్టిన బిళ్ళలు దొరికాయి. నిన్నటివీ మొన్నటివీ.

అమ్ముకుంటోందనుకున్నాను. రేవు దగ్గర పదిమందిలో గంప బోర్లించి తిట్టాను. ప్రభుత్వానికి చెప్తానన్నాను, ఊరంతా దగ్గు అంటిస్తున్నావన్నాను. ఆవిడ గంపలోంచి పడ్డ నాలుగు చేపలూ ఏరుకుంది.

మర్నాడు సయామా నాతో వచ్చింది. డో సాన్‌ని ఏమీ అడగలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి పొయ్యి మీది కుండ మూత ఎత్తింది. కుండ పొడిగా ఉంది. అన్నం వండి రెండు రోజులయింది. వాన వల్ల పడవలు సరిగా వేటకి వెళ్ళలేదు, ఆ నాలుగు చేపలు తప్ప అమ్మడానికేమీ లేవు. ఖాళీ కడుపులో ఆ బిళ్ళలు పడితే పేగులు మెలిపెడతాయి. రేపు అన్నం దొరికితే మింగుదామని ఆవిడ దాచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు నది సగం దాటాక సయామా అంది. “నువ్వు నోరు చూశావు. గంప కూడా చూశావు. కుండ చూడలేదు.”

ఆ తర్వాత క్లినిక్ నుంచి ఆవిడకి బియ్యం వెళ్ళేవి. క్షమించమని అడగడానికి నాకు వారం పట్టింది. నయమయ్యాక డో సాన్ నన్ను ఫెర్రీలో చూసినప్పుడల్లా బర్మాలో అరిచేది: “అందరూ నోళ్ళు మూసుకోండి, టార్చి అత్త వస్తోంది!”

నేను దీన్నుంచి నేర్చుకున్నది ఏమిటంటే, అనుమానించడం మానకూడదు. కానీ ఎంతవరకు చూసి ఆగిపోయామో అది చూసుకోవాలి.

నేర్చుకున్నాననుకున్నాను.

వియ్యంకుడు

సింహాచలంగారు ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో పనిచేసి దిగిపోయిన మనిషి. మా ఇంటికి నాలుగు వీధుల అవతల కొడుకూ కోడలితో ఉంటారు. ఆయన కోడలే నా లక్ష్మి. నోరు విప్పితే వేళాకోళం. బుగ్గలో ఎప్పుడూ కున్యా. కిటికీ పక్కన పాలడబ్బా ఒకటి, ఉమ్మడానికి.

ఆయనకి క్షయ తేలిన రోజు సయామా, “ఆ ఇంటికి మా న్వే వెళ్తుంది” అంది. బంధువులకి బంధువులు వద్దని ఆవిడ లెక్క. నేను ఒప్పుకోలేదు. మా న్వే బర్మా పిల్ల, రోజూ ఆ గుమ్మం ఎక్కితే వీధంతా ఎందుకని అడుగుతారు. నేనైతే కూతుర్ని చూడ్డానికి వచ్చాననుకుంటారు. మా ఇంటి గుట్టు మా ఇంట్లో ఉంటుంది. అలా పట్టుబట్టి ఆ కార్డు తీసుకున్నాను. ఇది మొదటి తప్పు. మీరు ఎప్పుడూ ఇలా చెయ్యకండి. ఎవరి నోరు చూడ్డానికి మీకు మొహమాటమో ఆ కార్డు తీసుకోకండి.

పిల్లనిచ్చినదాన్ని. ఆ ఇంట్లో నేను కుర్చీ అంచున కూర్చుంటాను. మనవరాలు పుట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పుట్టాక కూడా అలవాటు మానలేదు, నా సీసాలో నీళ్ళు నేనే పట్టుకెళ్తాను.

“ఒచ్చిందమ్మా పోలీసు” అనేవారు ఆయన. “సెల్లెమ్మా, మా ఇంట టీ తాగితే మీ సయామా ఉజ్జోగం పీకేస్తాదేటి?”

“నాకు ఇంకో నాలుగిల్లున్నాయి అన్నయ్యగారూ. మింగీయండి.”

“మింగమంటే మింగుతాను. నీ కూతురొండిన కూరే మింగతన్నాను, ఇదో లెక్కా?”

లక్ష్మి వంటగదిలో నవ్వేది. ఆయన బిళ్ళలు నోట్లో వేసుకుని, తల వెనక్కి వాల్చి, ఇత్తడి గ్లాసు ఎత్తేవారు. అప్పుడు నేను మొహం తిప్పుకునేదాన్ని. ఎదురుగోడకి ఒక కేలండరు ఉంది. దానివైపు చూసేదాన్ని. మగవియ్యంకుడు నోరు తెరిచి గుటక వేస్తుంటే ఆడపిల్ల తల్లి కళ్ళప్పగించి చూడదు. మా అమ్మ చూసేది కాదు, నేనూ చూడలేదు. ఉమ్మమని అడగలేదు. పుక్కిలించమని అడగలేదు. నేను రాయించిన నియమం గోడ మీదే ఉంది. టార్చి సంచిలోనే ఉంది. రెండు నెలలు కేలండరు చూసి, కార్డు మీద గీతలు పెట్టాను.

ఎవరినీ నమ్మని మనిషినని నాకు పేరు. ఆ ఒక్క మనిషిని ఎలా నమ్మానని చాలామంది అడిగారు. నేను నమ్మలేదు. ఏదో తేడా ఉందని నాలుగో వారానికే అనిపించింది. దగ్గు తగ్గలేదు, ఒంటికి కండ పట్టలేదు. అనుమానం వచ్చాక కూడా చూడలేదు. అది ఇంకా పెద్ద తప్పు.

అరుగు మీద

టార్చి సంచిలో వేసుకుని బయటికి వచ్చానని చెప్పాను కదా. వాన పడుతోంది, అరుగు మీదే ఆగాల్సి వచ్చింది. లక్ష్మి అప్పటికే చిట్టిని తీసుకుని ఇంటికి వెళ్ళింది. దాని చేతిలో పిల్లకిచ్చిన బిళ్ళల పొట్లం ఉంది. నాతో మాట్లాడకుండా వెళ్ళింది.

కాసేపటికి సయామా వచ్చి పక్కన నిలబడింది.

“ఏటి పైడమ్మా” అంది. ఆవిడకి బాగా వచ్చిన తెలుగు మాట అదొక్కటే.

“నోరు తెరవమని అడిగితే నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకోనేదు” అన్నాను. “ఆయన ఊరుకోడు. మీ అమ్మ నన్ను దొంగని సేసిందని దాన్ని జల్మంతా దెప్పుతాడు. మీకు తెలీదు.”

“ఆదెల్ ఎవరో నీకు చెప్పానా?”

“బొగ్గులు. వానాకాలం అరటిపల్లు.”

“మా నాన్న అక్క. నా సొంత మేనత్త.”

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అడిగాను, ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. “దాసినారెందుకు?” అన్నాను.

“నువ్వు అడగలేదు. ఎన్ని బొగ్గులమ్మిందో అడిగావు.” వాన చూస్తూ అంది. “నేను కూడా దాచాను పైడమ్మా. బిళ్ళలు అరటిపండులో గుచ్చి పందికి వేసేదాన్ని. డాక్టరు చదువుతున్న దాన్ని! అత్త పట్టుకుంది. ఊళ్ళో అందరి నోరూ ఒకసారి చూసేది. నాది రెండుసార్లు చూసేది. ఇంట్లో అందరూ ఆవిడ మీద కోప్పడ్డారు, చదువుకునే పిల్లని అవమానిస్తున్నావని.”

“మరి?”

“మరేముంది, రోజూ రెండుసార్లు చూసింది.”

వాన తగ్గకుండానే ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. అబద్ధం ఎందుకు చెప్పావని ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడ కిందటి వర్షాకాలంలో వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఇప్పటికీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న

మిగతా ఇళ్ళన్నీ ముందు ముగించుకుని, తొమ్మిది దాటాక సింహాచలంగారింటికి వెళ్ళాను. చిట్టి తన బిళ్ళ కరిగించిన నీళ్ళు అప్పుడే తాగి, చాప మీద కూర్చుని ఉంది. మా అల్లుడు పనికి వెళ్ళిపోయాడు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. బుగ్గ ఎత్తుగా ఉంది. వేళాకోళం లేదు.

నేను కూర్చోలేదు. సంచిలోంచి టార్చి తీశాను.

“కున్యా ఉమ్మీయండి అన్నయ్యగారూ.”

“ఏటి?”

“ఉమ్మీసి పుక్కిలించండి. అప్పుడే బిల్లలిస్తాను. మింగినాక నోరు సూడాల.”

ఆయన టార్చి వైపు చూశారు. “నన్నా? నా ఇంట్లో నిలబడి నన్నడగతన్నావా?”

“అడగతన్నాను.”

“నాను మింగనేదని ఎవులు సెప్పినారు?”

“మీ కళ్ళె సెప్పింది. మన సిట్టి ఛాతీలో నీడ సెప్పింది.”

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, దగ్గు వచ్చి మళ్ళీ కూర్చున్నారు. దగ్గు ఆగాక, గొంతు తగ్గించి అన్నారు. “తాంబూలాల నాడు ఇదే గదిలో కూకుని ఏటి సెప్పినావు? నల్ల డాక్టరు మందు నెత్తురు పీల్సేస్తాదని నువ్వే గదా సెప్పినావు? తలుపులమ్మకి ఉచ్చలో నెత్తురెల్లిపోయిందని, నీ కళ్ళతో సూసినావని? ఇప్పుడు నీకు ఉజ్జోగం గాబట్టి నాను సావాలేటి?”

ఆ మాట నేను మర్చిపోయాను. ఆయన పన్నెండేళ్ళు దాచుకున్నారు.

“సెప్పినాను” అన్నాను. “తెలీక సెప్పినాను. అది నెత్తురు గాదు, మందు రంగు. తలుపులమ్మ బతికే ఉంది, నిన్న గూడా నాతో దెబ్బలాడింది. నాను సెప్పింది అబద్దం.”

“ఈ యేల సెప్పేది నిజమని నాకేటి నమ్మకం?”

ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

అప్పుడు లక్ష్మి వంటగదిలోంచి వచ్చింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో మావగారి ఎదట అది గొంతు ఎత్తడం నేను వినలేదు. ఆ రోజూ ఎత్తలేదు. కిటికీ పక్కనున్న పాలడబ్బా తీసింది. ఆయన ముందుకి వెళ్ళి నిలబడి, డబ్బా రెండు చేతులతో ఆయన గడ్డం కింద పట్టుకుంది.

“ఉమ్మండి మాఁవా” అంది.

ఆయన కోడలి మొహం చూశారు. చాప మీద కూర్చున్న చిట్టిని చూశారు. లక్ష్మి డబ్బా దించలేదు.

ఆయన ఉమ్మారు. లక్ష్మి నీళ్ళిచ్చింది, పుక్కిలించారు. నేను బిళ్ళలు చేతిలో పెట్టాను. నోట్లో వేసుకున్నారు. తల వెనక్కి వాల్చి గ్లాసు ఎత్తారు. కేలండరు అక్కడే ఉంది. నేను అటు చూడలేదు.

“తెరవండి.”

తెరిచారు. టార్చి వేశాను. కుడి బుగ్గ, ఎడమ బుగ్గ, పై పెదవి.

“నాలిక ఎత్తండి.”

ఎత్తారు. ఏమీ లేదు.

“మల్లీ ఎత్తండి.”

“ఒకపాలి సూసినావు గదా!”

“మల్లీ.”

మళ్ళీ ఎత్తారు. అప్పుడు నేను కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. లక్ష్మి టీ తెచ్చి పెట్టింది. తాగాను. పావుగంట అయింది, వెళ్ళలేదు. గంట అయింది. చిట్టికి జడ వేశాను. రెండో గంటలో ఆయన, “ఇంకేటి, ఇక్కడే కాపురముంతావేటి?” అన్నారు. “ఉంతాను” అన్నాను. పదకొండు దాటాక ఆయన లేచి పెరట్లోకి వెళ్ళారు. తలుపు వేసుకున్న చప్పుడైంది. నేను కార్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. లక్ష్మి వంటగది గుమ్మంలో నిలబడింది.

పెరట్లో చెంబు చప్పుడైంది. తర్వాత పెరట్లోంచి కేక వచ్చింది.

“ఓ సెల్లెమ్మా!”

“ఏటండీ!”

“ఎర్రగానే ఉందే!”

“మందు రంగండీ! బయపడకండి!”

మళ్ళీ గొంతు వచ్చింది. “అయితే ఇప్పుడైనా నీ ఇంటికెల్తావా?”

నేను కార్డు మీద ఆ రోజు గీత పెట్టాను. గ్లాసు కడిగి బోర్లించి, ఆ సంగతి సయామాకి చెప్పడానికి చిట్టి చెయ్యి పట్టుకుని క్లినిక్‌కి బయల్దేరాను.